శస్త్రమునకు ముందు

శస్త్రచికిత్స థియేటరులో ఆరంభము కాదు. తేదీ నిశ్చయమైన నాడే రోగి యింటిలో ఆరంభమగును. ఆ నడిమి దినములలో కుటుంబము చేయవలసిన పని యేమి?

ఆపరేషనుకు తేదీ నిశ్చయమైన యింట ఆ వారము పది దినములు జరుగు హడావుడి ఇంతింత కాదు. పెద్దకుమారుడు సెలవునకు దరఖాస్తు పెట్టును. అల్లుడు అప్పుకొరకు తిరుగును. ఆరోగ్యశ్రీ కార్డు ఏ బీరువా అరలో నున్నదో వెదకి తీయుదురు. ఇంటి పెద్దావిడ పంచాంగము తెప్పించి ఆనాడు అమావాస్య కాదు గదా యని చూపించుకొనును. రాత్రులు ఆస్పత్రిలో ఎవరు పడుకొందురో, క్యారియరు ఎవరు తెత్తురో ముందుగానే పంపకములు జరిగిపోవును. ఇన్ని సన్నాహముల నడుమ, రేపు మత్తుమందును, కత్తిగాటును, రక్తనష్టమును భరింపవలసిన ఆ శరీరము అందుకు సిద్ధముగా నున్నదా యని మాత్రము అడుగువారు అరుదు. అది వైద్యుని పని యనియు, మనము తీసికొనిపోయి అప్పగించినచో చాలుననియు మనలో ననేకుల విశ్వాసము.

ఈ విశ్వాసము సగము మాత్రమే సత్యము. కోయుట, కుట్టుట, మత్తునిచ్చి మరల మేల్కొలుపుట వైద్యుల విద్య. కాని ఆ విద్య ఫలించుటకు వలసిన పరిస్థితులలో పెక్కు, రోగి యింటిలో, అతని వంటగదిలో, అతడు మింగు మాత్రలలో, అతడు కాల్చు బీడీలో, అతడు చెప్పిన నిజములలోను దాచిన నిజములలోను ఇమిడియున్నవి. ప్రమాదవశమున విరిగిన ఎముకకో, పగిలిన అపెండిక్సుకో చేయు అత్యవసర చికిత్సలో సిద్ధమగుటకు వ్యవధి యుండదు. గిలక, పిత్తాశయములో రాళ్లు, మోకాలి మార్పిడి, గర్భసంచి గడ్డలు మొదలగు వానికి చేయు చికిత్సలలో వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు చేతిలో నుండును. ఆ కాలమును నిరీక్షణలో వ్యర్థపుచ్చక సాధనగా మార్చుకొనుటయే సురక్షితమైన శస్త్రచికిత్సకు మొదటి మెట్టు.

ప్రాచీనుల ముందుచూపు

ఈ భావము మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున అయిదవదైన అగ్రోపహరణీయాధ్యాయము, శస్త్రము పట్టుటకు ముందుగా సమకూర్చుకొనవలసిన వానిని గూర్చియే వ్రాయబడినది. చికిత్సా కర్మము పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ యని మూడు విధములని ఆ అధ్యాయము చెప్పుచున్నది. యంత్రములు, శస్త్రములు, జలగలు, దూది, వస్త్రఖండములు, దారము, తేనె, నెయ్యి, పాలు, విసనకఱ్ఱ, చన్నీరు, వేడినీరు అని ఆ జాబితా సాగిసాగి, చివరకు స్నేహశీలురు, స్థిరచిత్తులు, బలవంతులు నైన పరిచారకులతో ముగియును. సామాన్యముగా రోగికి తేలికయైన ఆహారము పెట్టి చికిత్స చేయవలెనని చెప్పిన ఆ గ్రంథమే, మూఢగర్భము, ఉదరరోగము, మూలవ్యాధి, అశ్మరి, భగందరము, ముఖరోగము అను వానియందు మాత్రము భుజింపనివానికే శస్త్రకర్మ చేయవలెనని ప్రత్యేకించి విధించుచున్నది. మత్తుమందు లేని కాలమున సయితము, ఏ రోగమునకు ఏ సన్నాహమో వేరువేరుగా ఆలోచించిన వివేకము అది.

మత్తుమందు వచ్చిన పిమ్మట ఈ వివేకము మరింత అవసరమయ్యెను. 1846వ సంవత్సరము అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరితో రోగికి బాధ తెలియకుండ చేయవచ్చునని బహిరంగముగా నిరూపించినాడు. మరుసటి యేడాది ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చినాడు. కాని 1848 జనవరిలోనే, కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన పదునైదేండ్ల ఆంగ్ల బాలిక యొకతె ఆ క్లోరోఫారము క్రిందనే ప్రాణము విడిచినది. అంత చిన్న చికిత్సలో అంతటి అనర్థము జరుగుట చూచి, ఈ మందు మొదట దెబ్బతీయునది శ్వాసనా, హృదయమునా యను వివాదము వైద్యలోకమున దశాబ్దముల తరబడి సాగినది.

ఆ వివాదమునకు మన హైదరాబాదు నగరము ఒకప్పుడు కేంద్రమయ్యెనను సంగతి తెలుగు పాఠకులలో కొందఱకే తెలియును. రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీ, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో క్లోరోఫారముతో వేలకొలది చికిత్సలు జరిపించి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయముతో 1888లో ఒకటి, 1889లో మరియొకటి క్లోరోఫారం కమిషనులను నడిపినాడు. రెండవదానికి లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపినది. ఆ దినములలోనే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు నిచ్చుటయందు నైపుణ్యము గడించి, ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యులలో నొకరుగా పేరొందినది. మొదట ఆగునది శ్వాసయే గాని హృదయము కాదని ఆ కమిషను తేల్చిన మాట తరువాతి పరిశోధనలలో పూర్తిగా నిలువలేదు. హృదయము సయితము హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో లీవీ నిరూపించినాడు. ఐనను, మత్తులో నున్న మనిషి ఊపిరిని క్షణమైనను ఏమరక కాపుకాయవలెనని లారీ పట్టుపట్టిన నియమము నేటికిని చెక్కుచెదరలేదు.

మత్తు డాక్టరుకు చెప్పవలసిన నిజములు

కావున కత్తి పట్టు వైద్యునితో సమానముగా, మన వాడుకలో మత్తు డాక్టరని పిలువబడు అనస్థీషియా వైద్యుడు రోగికి ముఖ్యుడు. చికిత్సకు ముందు ఆయన జరుపు పరీక్షను ‘ఫిట్‌నెస్ రాయించుకొనుట’ యని మనవారు చెప్పుకొందురు. ఆ మాటలోనే అది యొక సంతకముకొరకు జరుగు లాంఛనమను భావము తొంగిచూచుచున్నది. నిజమునకు అది రోగి తన శరీరచరిత్రను దాపరికము లేకుండ విప్పి చెప్పవలసిన ఘట్టము.

అట్టి గదులలో నిత్యము జరుగు సంభాషణ యొకటి చూడుడు. మోకాలి మార్పిడికి వచ్చిన డెబ్బదేండ్ల వృద్ధురాలిని వైద్యుడు, “ఇంకేమైనా మందులు వాడుతున్నారా పెద్దమ్మా?” అని అడుగును. “ఏం లెవ్వు సారూ, బీపీ గోలీ ఒక్కటే,” అని ఆమె సమాధానము. ప్రక్కనున్న కోడలు, “అత్తమ్మా, సంచిల ఉన్నయి గదా, అవి సుత సూపియ్యి,” అనగానే గుడ్డసంచిలోనుండి ఒక్కొక్కటిగా బయటపడును: గుండెకని పట్నపు డాక్టరు రెండేండ్ల క్రిందట వ్రాసిన, రక్తము పలుచన చేయు మాత్ర, షుగరు మాత్రలు రెండు రకములు, నిద్రపట్టుటకని మెడికల్ షాపువాడిచ్చిన బిళ్లలు, కాగితపు పొట్లములలో మోకాళ్ల నొప్పులకు ఊరిలో నిచ్చు పొడి. ఆమె అబద్ధమాడలేదు. అనుదినము మింగుటవలన ఆ మాత్రలు ఆమెకు అన్నముతో పాటైపోయినవి. పొడిని ఆమె మందుగానే లెక్కింపలేదు.

కాని వైద్యునికి ఆ సంచిలోని ప్రతి వస్తువును వేరువేరు సమస్యయే. రక్తము పలుచన చేయు మందులలో వార్ఫరిన్‌ను సాధారణముగా చికిత్సకు అయిదు దినముల ముందు, క్లోపిడోగ్రెల్‌ను అయిదు నుండి ఏడు దినముల ముందు ఆపింతురు. కాని గుండెలో స్టెంటు వేయించుకొన్న మనిషి తనంతట తాను ఆపినచో ఆ స్టెంటులోనే రక్తము గడ్డకట్టి ప్రాణము మీదికి రావచ్చును. షుగరు మందులలో ‘గ్లిఫ్లోజిన్’ అని పేరు చివర వచ్చు తరగతి మాత్రలను మూడు నాలుగు దినములు ముందుగనే నిలుపవలసి యుండును. లేనిచో, రక్తములో చక్కెర అంతగా పెరుగకయే ఒంటిలో ఆమ్లము పేరుకొని రోగి తెలివి తప్పు ప్రమాదము కలదు. రక్తపోటుకును గుండెదడకును ఇచ్చు బీటా బ్లాకరులను, మూర్ఛ మందులను, థైరాయిడు మాత్రను ఆనాటి ఉదయము సయితము గుక్కెడు నీటితో వేసికొమ్మనుట సామాన్యము. రక్తపోటు మాత్రలలోనే మరి కొన్నిటిని ఆ ఒక్క పూటకు మానుమందురు. నొప్పులకిచ్చు పేరులేని పొడులలో స్టీరాయిడు కలిసియుండుట కద్దు. దానిని చాలకాలము వాడినవారి దేహము, ఆపత్సమయమున తాను సహజముగా ఉత్పత్తి చేయవలసిన హార్మోనును చేయలేక, చికిత్స నడుమ రక్తపోటు పడిపోవు స్థితికి రావచ్చును. ఏది ఆపవలెనో, ఏది ఆపరాదో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. ఆయన నిర్ణయించుటకు వలసిన సత్యమును చేతికందింపవలసినది మనము. ఆకుపసరైనను, లేహ్యమైనను, పొరుగువారిచ్చిన గోలియైనను, సంచిని సంచిగా తీసికొనిపోయి బల్లమీద కుమ్మరించుటయే ఉత్తమము.

మద్యము విషయమునను ఇంతే. పెద్దల యెదుట, భార్య యెదుట ఒప్పుకొనుటకు సిగ్గుపడి దినమును త్రాగువాడు ‘ఎప్పుడో ఒకసారి’ యని చెప్పును. చికిత్సయైన రెండవనాడో మూడవనాడో చేతులు వణకి, తబ్బిబ్బుపడి, మంచము దిగి పరుగెత్తబోవునప్పుడు గాని అసలు సంగతి బయటపడదు. అట్టివారు వైద్యునితో ఏకాంతముగా మాటాడుటకు అవకాశము కోరవచ్చును. ఆ కోరికను మన్నింపని వైద్యుడుండడు.

వంశములో దాగియున్నది

మాత్రలకంటె లోతుగా దాగిన సంగతులు కొన్ని కలవు. ఇంటిలో నెవరికైనను పూర్వము మత్తుమందుతో చిక్కు వచ్చినదా యను ప్రశ్న వైద్యుడు వేయగా, మనవారు సాధారణముగా ‘లేద’ని తేలికగా చెప్పివేయుదురు. ఆ ప్రశ్న తెలుగువారిలో కొన్ని కుటుంబములకు ఎంత ముఖ్యమో తెలిసికొనవలెను.

శ్వాసనాళములో గొట్టము వేయుటకు కండరములను క్షణములలో సడలించు సక్సినిల్‌కోలిన్ అను మందు కలదు. సామాన్యులలో రక్తమునందలి యొక ఎంజైము దానిని కొద్ది నిమిషములలోనే విఱిచివేయును. ఊపిరి తిరిగి వచ్చును. ఆర్యవైశ్య కుటుంబములకు చెందిన కొందఱిలో ఆ ఎంజైము జన్మతః మిక్కిలి తక్కువగా నుండును. దానివలన నిత్యజీవితమున వారికి ఏ లోటును లేదు, ఏ రోగమును లేదు. కాని ఆ మందు పడినచో నిమిషములలో తీరవలసిన కండరముల స్తంభన గంటల తరబడి నిలిచి, అంతవరకును యంత్రముతో శ్వాస ఇప్పింపవలసివచ్చును. దీనికి మూలమైన జన్యుమార్పును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. దక్షిణదేశమున అనుభవముగల మత్తు వైద్యులు ఈ సంగతిని ఎఱుగుదురు. ఐనను, దూరదేశమునందో ఉత్తరభారతమునందో చికిత్స చేయించుకొను తెలుగువాడు, ‘మా పెదనాన్నకు ఆపరేషనైన తరువాత చాలాసేపు ఊపిరి రాలేదట’ యను ఇంటి ముచ్చటను తానై చెప్పినచో, వైద్యుడు వేరొక మందుతో సులభముగా పని జరుపుకొనగలడు. చెప్పుటకు నిమిషము పట్టదు. చెప్పకున్నచో ఆ కుటుంబము ఐ.సి.యు. ముందర ఒక రాత్రి గడపవలసివచ్చును.

అట్లే మన ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులలో కనిపించు సికిల్‌సెల్ వ్యాధిని గూర్చియు ముందే తెలియవలెను. చలి తగిలినను, నీరు చాలకున్నను, ప్రాణవాయువు తగ్గినను వారి ఎఱ్ఱకణములు కొడవలి ఆకృతి దాల్చి రక్తనాళములను అడ్డగించును. ముందుగా తెలిసినచో వారిని వెచ్చగా నుంచి, ద్రవములెక్కించి, అవసరమైనచో రక్తమిచ్చి కాపాడవచ్చును.

నెలముందు నుండి చేయదగిన సాధన

రక్తమును గూర్చి వేరుగా చెప్పవలెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల నడిమి భారతీయ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నట్లు తేలినది. నెలనెలా అధికరక్తస్రావముతో బాధపడి గర్భసంచి చికిత్సకు వచ్చు స్త్రీకి సహజముగానే అప్పటికి రక్తము ఇంకిపోయి యుండును. ఆమెకు చేరిననాడు హడావుడిగా రక్తమెక్కించుటకంటె, కొన్ని వారములు ముందుగనే ఇనుము మాత్రలో, నరములోనిచ్చు ఇనుప ఇంజక్షనులో ఇచ్చి ఆమె స్వంత రక్తమునే పెంచుట ఎంతో మేలు. షుగరు అదుపు తప్పినవారి గాయము త్వరగా మానదు, చీము పట్టును. కావున మూడునెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకొని, అవసరమైనచో చికిత్సను కొంత వెనుకకు జరుపుకొనుట వివేకము.

ఇక పొగ. సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదైనను ఒక్కటే. ఉత్తరాంధ్ర తీరగ్రామములలో కొందఱు స్త్రీలు నిప్పు నోటిలోపలనుంచి కాల్చు అడ్డపొగకు సయితము మినహాయింపు లేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తమున ప్రాణవాయువు స్థానము నాక్రమించును. నికోటిను చర్మపు రక్తనాళములను బిగించి కుట్లకు రక్తమందనీయదు. ఊపిరితిత్తులలో కఫము పేరుకొని, చికిత్సానంతరము న్యుమోనియాకు దారితీయును. కనీసము నాలుగు వారములు ముందుగా మానినవారికి ఈ చిక్కులు తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అంత వ్యవధి లేకున్నను మానుట మంచిదే; ఒక్క దినము మానినను రక్తములోని ఆ విషవాయువు చాలవరకు తొలగిపోవును.

ఊపిరికిని అభ్యాసము కావలెను. మూడు బంతులున్న ప్లాస్టిక్ స్పైరోమీటరును చికిత్సయైన తరువాత నొప్పిలో నున్న రోగి చేతికిచ్చి, ‘పీల్చండి, పీల్చండి’ యని తొందరపెట్టుట మన ఆస్పత్రులలో నిత్యము చూచు దృశ్యము. ఎట్లు పీల్చవలెనో తెలియక అతడు ఊదును, బంతి లేవదు, విసిగి ప్రక్కన పెట్టును. దానినే పదునైదు దినములు ముందుగా కొని, ఇంటిలో కూర్చుండి మెల్లగా పీల్చుట అభ్యసించినవాడు, కుట్ల నొప్పిలో సయితము ఆ పని చేయగలడు. మోకాలి మార్పిడికి వెళ్లువారు తొడ కండరములను బిగించు వ్యాయామమును అట్లే ముందుగా నేర్చుకొనవలెను. పుచ్చిన పన్నునకు, మూత్రములో మంటకు, కాలిమీది పుండునకు ముందే చికిత్స చేయించుకొనవలెను. ఏలయన అక్కడి సూక్ష్మజీవులు రక్తమున ప్రవేశించి కొత్త కీలులో తిష్ఠ వేయగలవు. పిల్లలకు జలుబు, దగ్గు, జ్వరము ఉన్నచో దాచక చెప్పి వాయిదా వేయించుకొనవలెను; వాచిన శ్వాసనాళములు మత్తులో బిగుసుకొనుట సులభము.

కడుపు ఖాళీగా నుండుట యనగా

చికిత్సనాటి ఉదయము వార్డులలో తరచుగా వినవచ్చు మాటలు ఇవి. “తాతగారూ, పొద్దున్నే ఏమైనా తీసుకున్నారా?” అని నర్సు అడుగును. తాతగారు మాటాడరు. ప్రక్కనున్న భార్య, “ఏమీ పెట్టలేదమ్మా. నీరసపడతారని కాస్త టీ, రెండు బిస్కెట్లు, అంతే,” అనును. ఆ ‘అంతే’తో ఆనాటి చికిత్స వాయిదా పడును, ఇంటిల్లిపాదియు ఆస్పత్రిమీద కోపగించును. ఆ ఇల్లాలి చేత ఫ్లాస్కు మూత తీయించినది ప్రేమయే గాని అపరాధబుద్ధి కాదు. కాని ఆ నియమమునకు కారణము ఆమెకెవరును చెప్పలేదు.

కారణమిది. మెలకువగా నున్నంతసేపు, కడుపులోనిది పైకి వచ్చినను గొంతు మూసుకొని, దగ్గు వచ్చి, ఊపిరితిత్తులను కాపాడును. మత్తులో ఆ కావలి యుండదు. ఆమ్లముతో గూడిన ఆహారము శ్వాసనాళములోనికి జారినచో ఊపిరితిత్తులు కాలినట్లగును. ప్రసవసమయమున మత్తునిచ్చిన స్త్రీలలో ఈ యుపద్రవమును న్యూయార్కు వైద్యుడు మెండెల్సన్ 1946లో విపులముగా వర్ణించినాడు. అప్పటినుండి ఉపవాసనియమము కట్టుదిట్టమయ్యెను.

నేడు ఆరోగ్యవంతులకు అంతర్జాతీయముగా అంగీకృతమైన లెక్క ఇట్లున్నది: నూనెతోను నెయ్యితోను గూడిన భోజనమునకును మాంసమునకును ఎనిమిది గంటలు, తేలికయైన ఫలహారమునకు ఆరు గంటలు, పాలకు ఆరు గంటలు, పసిబిడ్డకు తల్లిపాలకు నాలుగు గంటలు, మంచినీటికి రెండు గంటలు వ్యవధి యుండవలెను. పాలు కలిసిన టీ నీటిలో చేరదు, పాలలో చేరును, మజ్జిగయు అంతే. ఈ లెక్కలో ఇంకొక హితము కూడ కలదు. ముందటి రాత్రి పదిగంటలనుండి మధ్యాహ్నము పండ్రెండువరకు చుక్కనీరు ముట్టక నాలుక పిడచకట్టుకొనిపోవునట్లు వృద్ధులను, పసివాండ్రను కూర్చుండబెట్టుట చాలసార్లు అనవసరము, కొన్నిసార్లు హానికరము. ‘నీరు ఎన్నిగంటల వరకు త్రాగవచ్చును?’ అని అడిగి కాగితముమీద వ్రాయించుకొనుట రోగి హక్కు. చిరకాలముగా షుగరున్నవారికి, నొప్పులు పడుచున్న గర్భిణులకు, బరువు తగ్గుటకు వారమునకొక ఇంజక్షను తీసికొనువారికి కడుపు నిదానముగా ఖాళీ యగును గనుక, వారు తమ వైద్యుడు ప్రత్యేకముగా చెప్పిన లెక్కనే పాటింపవలెను.

ఒడలు, ఆభరణములు, గుర్తు

ముందటి రాత్రియు ఆనాటి ఉదయమును సబ్బుతో శుభ్రముగా స్నానము చేసి, ఉదికిన బట్టలు కట్టుకొనవలెను. పౌడరు, నూనె, క్రీము పూసికొనరాదు. చికిత్స జరుగుచోట వెండ్రుకలను ఇంటివద్దనే బ్లేడుతో గొఱిగించుకొని వచ్చుట శుభ్రతకు గుర్తని చాలమంది తలంతురు, అది పొరపాటు. బ్లేడు చేయు కంటికి కనబడని గాట్లలో సూక్ష్మజీవులు చేరి చీమునకు కారణమగును. అవసరమైనచో ఆస్పత్రిలోనే క్లిప్పరుతో కత్తిరింతురు.

గోరింటాకు, గోళ్లరంగు ఆ వారము మానవలెను. వ్రేలికి తొడిగి ప్రాణవాయువును కొలుచు పల్స్ ఆక్సీమీటరు చర్మముగుండ ప్రసరించు కాంతిని చదువును గనుక, రంగు దానికి అడ్డు రావచ్చును. కట్టుడు పళ్లను, కళ్లలోని లెన్సులను తీసివేయవలెను. ఊగుచున్న పన్నున్నచో తప్పక చెప్పవలెను, గొట్టము వేయునపుడు అది ఊడి శ్వాసనాళమున పడరాదు గదా. రక్తము కారకుండ కాల్చు విద్యుత్ పరికరము వాడుదురు గనుక లోహపు నగ ఒంటిమీద నుండుట చర్మము కాలుటకు హేతువు కావచ్చును. చేయి వాచినచో ఉంగరము బిగిసిపోవును. మెట్టెలు, ముక్కుపుడక, గాజులు తీయుట సులభమే. మంగళసూత్రము తీయుమనగానే పెద్దముత్తైదువుల ముఖము చిన్నబోవుట సహజము. ఆ మనోభావమును తేలిక చేసి మాటాడరాదు. పసుపుదారమునకు పసుపుకొమ్ము కట్టి వైద్యుల అనుమతితో ధరించి, బంగారమును ఇంటివారి చేతికిచ్చు మర్యాద మనలో నెప్పటినుండియో యున్నది. ముందటినాడే ఆ యేర్పాటు చేసికొన్నచో థియేటరు ద్వారమువద్ద కన్నీరు పెట్టవలసిన పని యుండదు.

చేయవలసినది ఎడమ కాలికా కుడి కాలికా యను గుర్తును, రోగి మెలకువగా నున్నప్పుడే, అతనిని అడిగి, అతని యెదుటనే పెట్టవలెను. వార్డులో ఒకసారి, థియేటరు బయట ఒకసారి, లోపల ఒకసారి తన పేరును చికిత్స పేరును అడుగుచుండగా, ‘ఎన్నిసార్లు చెప్పాలండీ!’ యని విసుగుకొనువారు దాని విలువను గ్రహింపవలెను. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, శస్త్రవైద్యుడు అతుల్ గవాండే నాయకత్వమున, పందొమ్మిది అంశముల జాబితాను సిద్ధము చేసినది: మత్తునకు ముందు, కోతకు ముందు, రోగి థియేటరు వదలుటకు ముందు, మూడుసార్లు ఆగి, పేరు, చోటు, ఎలర్జీ, యాంటీబయాటిక్కు, రక్తము, పరికరముల లెక్క బిగ్గరగా చదువుకొనవలెను. ఢిల్లీతో సహా ఎనిమిది నగరములలోని ఎనిమిది ఆస్పత్రులలో దీనిని ప్రయత్నించి చూడగా, ఉపద్రవములు నూటికి 11 నుండి 7కును, మరణములు 1.5 నుండి 0.8కును తగ్గినట్లు 2009లో ప్రకటితమయ్యెను. క్రొత్త యంత్రము లేదు, క్రొత్త మందు లేదు. ఆగి అడుగుట మాత్రమే జరిగినది. కావున పేరు అడిగిన ప్రతిసారియు నిండుగా, స్పష్టముగా చెప్పుడు. అడుగనిచోట మీరే చెప్పుడు.

సంతకమునకు ముందు ప్రశ్న

సమ్మతిపత్రముమీద ‘ఇక్కడ సంతకం పెట్టండి’ యనగానే వ్రేలు చూపినచోట పెట్టివేయుట మనలో నలవాటు. 2008 జనవరిలో మన సుప్రీంకోర్టు ఒక తీర్పున స్పష్టముగా చెప్పినది: పరీక్షకొరకు ఇచ్చిన సమ్మతి గర్భసంచిని తీసివేయుటకు సమ్మతి కాజాలదు, ప్రాణాపాయము లేనిచోట, రోగి మేల్కొనువరకు ఆగి అడుగవలసినదే. గర్భసంచి తీయించుకొన్న స్త్రీల శాతము జాతీయ సగటుకంటె ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చాల ఎక్కువగా నుండుట కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుచున్నవి. కావున ఈ హెచ్చరిక తెలుగు ఇండ్లకు మరింత వర్తించును. ఈ చికిత్స ఎందులకు? చేయించుకొనకున్న నేమగును? మందులతో వేరుదారి యున్నదా? ఏ మత్తు ఇత్తురు? ఎన్నినాళ్లకు నడుతును? ఈ ప్రశ్నలు అడిగినంత మాత్రమున వైద్యునియందు అవిశ్వాసము చూపినట్లు కాదు. సందేహమున్నచో రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుటయు తప్పు కాదు. ఆరోగ్యశ్రీ క్రింద చేరినవారు కాగితముల సందేహములకు అక్కడి ఆరోగ్యమిత్రను అడుగవచ్చును. చికిత్స సందేహములకు మాత్రము వైద్యునినే అడుగవలెను.

తిరిగి వచ్చు ఇల్లును అంతకు ముందే సిద్ధపరచుకొనవలెను. మోకాలు మార్పించుకొన్నవారికి నేలమీది మరుగుదొడ్డి పనికిరాదు. కమోడు కుర్చీ, ఎత్తైన మంచము, స్నానపుగదిలో పట్టుకొనుటకు గట్టి కడ్డీ కావలెను. ఆనాడే ఇంటికి పంపు చిన్న చికిత్సయైనను, మత్తు దిగిన 24 గంటలవరకు బండి నడుపరాదు, ముఖ్యమైన పత్రములమీద సంతకము పెట్టరాదు, ఒంటరిగా నుండరాదు. జ్వరము, కుట్లనుండి చీము, ఒక పిక్క వాపు, ఆయాసము కనబడినచో ఎవరికి ఫోను చేయవలెనో ముందే వ్రాసిపెట్టుకొనవలెను.

వాయిదాను గూర్చి ఒక మాట. షుగరు ఎక్కువని, రక్తము తక్కువని, దగ్గున్నదని చికిత్స వెనుకకు పోయినపుడు, తీసికొన్న సెలవు, చేసిన అప్పు, పిలిపించిన బంధువు అన్నియు వ్యర్థమైనవని కుటుంబము కుంగును. ఆ దుఃఖము నిజమైనది. రోజుకూలి చేసికొను ఇంటికి అది మరింత బరువు. అందువలననే ఈ పరీక్షలన్నియు చేరిననాడు గాక, తేదీ ఇచ్చుటకు ముందే జరుగునట్లు ఆస్పత్రులు ఏర్పాటు చేయవలెను. చేయవలసినవి, మానవలసినవి తెలుగులో పెద్దయక్షరములతో వ్రాసి, చదువురానివారికి చదివి వినిపించి పంపవలెను. ఇది దయ కాదు, చికిత్సలోని భాగము.

మిగిలినది మన చేతిలోనిది. ఈ ఆదివారము తీరికగా ఇంటిలోని పెద్దవారి ప్రక్కన కూర్చుండి, ఒక్క కాగితము తీసికొనుడు. పేరు, వయస్సు, రక్తపు గ్రూపు, వాడు మందులు, వాని మోతాదు, పడని మందులు, పూర్వపు చికిత్సలు, అప్పటి మత్తు అనుభవము, వంశములోని చిక్కులు, పొగ, మద్యము, అత్యవసరమున పిలువవలసినవారి ఫోను నంబరు. ఇంతే. సిగ్గుపడి చెప్పనిది ఏమైనను ఉన్నదేమో మృదువుగా అడుగుడు. నకలు రెండు తీసి, ఒకటి ఆరోగ్యశ్రీ కార్డుతోను, ఒకటి మీ ఫోనులోను ఉంచుడు. ఆపరేషనుకు తేదీ రాకున్నను పరవాలేదు. అర్ధరాత్రి అంబులెన్సులో వెళ్లవలసివచ్చి, పెద్దవారు మాటాడలేని స్థితిలో నున్నపుడు, వారి పక్షమున నిజము చెప్పవలసినది ఆ కాగితమే.